బరువు లేని కుండీలు

కొత్త పోపుల పెట్టెని ఇరవయ్యేళ్ళ పాతదిగా మార్చడానికి నాకు గంటన్నర పడుతుంది. ముందు బూడిదతో తోమి ఆ షాపు మెరుపు పోగొట్టాలి. తర్వాత పసుపు నూనెలో కలిపి గిన్నెల అంచులకి రాసి, ఎండలో పెట్టి, సగం తుడిచి సగం వదిలెయ్యాలి. మూత మీద బొటనవేలు ఆనేచోట గరుకు కాగితంతో అరగదియ్యాలి, ఎందుకంటే ఏ ఇంట్లోనైనా మూత తీసే చెయ్యి రోజూ ఒకేచోట పడుతుంది. ఆవాల గిన్నెలో నాలుగు మెంతిగింజలు పొరపాటున కలిసినట్టు ఉండాలి. తెరమీద ఇవేవీ ఎవరూ చూడరు. కానీ ఇవి లేకపోతే మాత్రం అది ఇల్లు కాదు, సెట్టు అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మా ఆయన సెబాస్టియన్ సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాపర్టీ చూస్తాడు. సెట్లో కనపడే మంచాలూ గడియారాలూ గిన్నెలూ పూలకుండీలూ తేవడం, సర్దడం, మళ్ళీ గోడౌన్‌కి చేర్చడం ఆయన ఉద్యోగం. ఆ వస్తువుల మధ్య ఎవరో ఏళ్ళ తరబడి బతికినట్టు అనిపించేలా చెయ్యడం నా వంతు. దానికి ఉద్యోగం అన్న పేరు లేదు. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అత్తగారికి మందులిచ్చాక, "కాస్త ఇది కూడా చూడు ఫిలో" అని గుమ్మంలో దించిపోయే సంచీ అది.

ఆ రోజు పొద్దున పోపుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. పది దాటింది. ఆ వేళకి ఫిలింనగర్ గోడౌన్‌లో ఉండాల్సిన మనిషి మెట్లెక్కి వచ్చాడు. చంకలో పెద్ద అట్టపెట్టె. చెప్పులు ఎక్కడివక్కడ విసిరేసేవాడు కాస్తా గోడ వారగా జతచేసి పెట్టి లోపలికొచ్చి, "టీ తాగావా ఫిలో?" అన్నాడు.

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఆ ప్రశ్న ఆయన నోట నేను వినడం అదే మొదలు. చికున్‌గున్యా వచ్చి నేను మంచం దిగలేకపోయిన వారం కూడా గుమ్మంలో నిలబడి, "మరి వంట సంగతేంటి?" అని అడిగిన మనిషి. నాకు భయమేసింది. మొగుడు మంచిగా మాట్లాడితే భయపడే స్థితికొచ్చానా అని నామీద నాకే జాలేసింది. "తాగానండీ, మీకు పెట్టనా?" అన్నాను. పైకి నేను మీరు అనే అంటాను. లోపల మాత్రం ఎప్పుడో నువ్వులోకి దిగిపోయాను, ఆ సంగతి ఆయనకి తెలియదు.

టీ వద్దని నేరుగా బాల్కనీలోకి వెళ్ళాడు. అది కూడా కొత్తే. తువ్వాలు ఆరేసుకోవడానికి తప్ప ఆయన అక్కడ అడుగుపెట్టడు. నా మొక్కల మధ్య వంగి, గోడవారనున్న మూడు ఆర్కిడ్ల దగ్గర ఆగి, వాటి పూల మీదకి మొహం పెట్టి చూశాడు. "ఇవి ఆ సినిమావేగా? మూడూ పూశాయే!" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఉంది. అందుకే నాకు ఇంకా భయమేసింది.

మాది యూసుఫ్‌గూడలో రెండో అంతస్తు, రెండు గదులు. బాల్కనీ నాలుగడుగుల వెడల్పు. దానికి పచ్చ వల కట్టి నలభై దాకా కుండీలు పెట్టాను. వాటిలో నేను కొన్నది ఒక్కటీ లేదు. అన్నీ ఎవరో ఒకరు పారేసినవే. జూబ్లీహిల్స్ బంగళాలకి పుట్టినరోజులకీ, సినిమా హిట్టయినప్పుడూ, గృహప్రవేశాలకీ రిబ్బన్లు చుట్టిన ఆర్కిడ్ కుండీలు వస్తాయి. నెలో, నెలన్నరో హాల్లో రాణీగారిలా ఉంటాయి. పూలు రాలాయంటే చచ్చిపోయిందనుకుని గేటు బయట చెత్త పక్కన పెట్టేస్తారు. అలాంటి ఒక బంగళాలో పనిచేసే కొమురమ్మది మా పక్క గల్లీయే. ఆవిడ ఫోను చేస్తుంది. "అక్కా, గీడ రెండు కుండీలు బయట పెట్టిండ్రు. చెత్త బండొస్తది, జర జల్ది రా." నేను పొయ్యి మీద ఏముంటే అది దించేసి పరిగెడతాను. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

మొదట్లో తెచ్చినవన్నీ నేనే చంపాను. ఎర్రమట్టిలో నాటి, పొద్దునా సాయంత్రం కడుపునిండా నీళ్ళు పోసేదాన్ని. నా ప్రేమకే కుళ్ళిపోయాయి పాపం. ఒకటి ఇక లాభం లేదని కొబ్బరి పీచు మీద పడేస్తే, రెండు నెలలకి చూద్దును కదా, దాని వేరు ఆ పీచుని గట్టిగా పట్టుకుని ఉంది. అప్పుడర్థమైంది, దీనికి కావలసింది మట్టి కాదు, గాలి అని. అప్పటినుంచీ కుళ్ళిన వేర్లు గట్టి భాగం వచ్చేదాకా కత్తిరిస్తాను. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దుతాను. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులడిగి తెచ్చి, ఇటుక ముక్కలూ పీచూ కలిపి అందులో నిలబెడతాను. వారానికోసారి బకెట్లో ముంచి తీస్తాను, అంతే. ఆపైన ఏడెనిమిది నెలలు ఏమీ జరగనట్టే ఉంటుంది. రోజూ చూస్తూనే ఉండాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు. "చచ్చినవాటికి సేవలు, బతికున్నవాళ్ళకి చల్లారిన కూర" అంటాడు సెబాస్టియన్. మా అత్తగారు తెరెసమ్మ గారు జపమాల తిప్పుతూనే, "చచ్చిన లాజరుని లేపడానికి ప్రభువున్నాడు, నీకెందుకమ్మాయ్ ఆ పని" అంటారు. ఆ మాటకి మాత్రం నాకు నవ్వొచ్చేది.

ఈ మూడూ వేరే రకంగా వచ్చాయి. పోయిన మార్చిలో ఒక సినిమా షూటింగ్ పూర్తయి గుమ్మడికాయ కొట్టారు. చివరి షాటు అయిపోయాక కెమెరాకి హారతిచ్చి గుమ్మడికాయ పగలగొట్టడం ఇక్కడ ఆచారం. మా ఆయన యూనిట్‌లో ఆ పని ఆయనదే. రహస్యంగా శిలువ గుర్తు వేసుకుని మరీ కొడతాడు. అసలైతే సినిమా చేతికొచ్చేదాకా ముఖ్యమైన సామాను దాచాలి. కానీ గుమ్మడికాయ పగిలిందంటే అందరికీ ఇక పెళ్ళయిపోయిన పందిరే. ఆ రోజు సెట్లో కర్టెన్లు మడతపెట్టడానికి నన్ను తీసుకెళ్ళాడు. వెనక చెత్తలో ఈ మూడు కుండీలు తలకిందులుగా ఉన్నాయి. సినిమాలో హీరోయిన్ ప్రాణంగా పెంచుకునే మొక్కలవి, పసుపు రేకుల మీద మెరూన్ చారలు, బెంగళూరు నుంచి ప్రత్యేకంగా తెప్పించారు. నలభై రోజులు లైట్ల వేడిలో ఉండి ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. కర్టెన్ల సంచీలో పెట్టుకుని తెచ్చుకున్నాను. "సెట్టు చెత్త ఇంట్లో పెడితే దరిద్రం" అని ఆటోలో దారిపొడుగునా విసుక్కున్నాడు. పదకొండు నెలలు పట్టింది. డిసెంబరు చలికి ఒక్కోదానికీ ఒక్కో పూల కాడ తలెత్తింది. ఈ వారంలోనే మూడూ విచ్చుకున్నాయి. మొదటి పువ్వు విచ్చిన పొద్దున నాకు ఏడుపొచ్చింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక కొమురమ్మకి ఫోను చేస్తే, "అయ్యో అక్కా, నీ చేతుల్ల ఏముందో ఏమో" అంది. ఆ మాట రెండు రోజులు కడుపు నింపింది.

సెబాస్టియన్ బాల్కనీలోంచి వచ్చి కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చున్నాడు. షూటింగ్ అయ్యాక డబ్బుల్లేక ఆగిపోయిన ఆ సినిమా మళ్ళీ కదిలిందట. ఎడిటింగ్‌లో చూస్తే ఒక షాటు తీయనే లేదని తేలిందట. ఇవాళ సాయంత్రం ఫిలింనగర్‌లో ఒక బంగళాలో ఆ ఒక్కటీ తీస్తున్నారు. హీరోయిన్ రేపు ఊళ్ళో ఉండదు. ఆర్ట్ డైరెక్టర్ వీరభద్రం గారు ఫోను చేసి ఆర్కిడ్లేవని అడిగారు. పారేశానని చెబితే రేపటినుంచి రావద్దంటారు. అందుకని దాచానని చెప్పేశాడు.

"ఇంట్లో నేనే పెంచుతున్నా సార్ అన్నాను. ఆ రంగు ఊరంతా గాలించినా దొరకదు ఫిలో. వ్యాను రెండింటికి వస్తుంది. నీకు దణ్ణం పెడతాను, ఈసారికి నన్ను గట్టెక్కించు."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు. అబద్ధమెందుకు చెప్పాలి, నాకు జాలేసింది. పనిలో తిట్లు తిని వచ్చిన మొగుణ్ణి చూస్తే చల్లబడిపోయే అలవాటు నా ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది. కాసేపు ఫ్రేములో ఉంటే ఏమవుతుంది, తడి గుడ్డలు చుట్టి పంపిస్తాను, సాయంత్రానికి వచ్చేస్తాయి అనుకున్నాను.

"ఒక్క షాటేగా, ఒకటి చాలదా? మూడెందుకండీ?" అన్నాను.

"స్టాండ్‌బై," అన్నాడు. అట్టపెట్టె విప్పి, సినిమాలో ఉన్నటువంటివే మూడు నీలం కుండీలు తీసి నేలమీద పెట్టాడు. "వీటిలోకి మార్చు. మరీ బిగించకు. కాస్త వదులుగానే ఉంచు."

చెయ్యి తుడుచుకుని ఒక కుండీ ఎత్తాను. ఎత్తగానే చెయ్యి పైకి లేచిపోయింది. ఆ సైజు పింగాణీ కుండీకి ఒక బరువుంటుంది, మన చెయ్యి ముందే ఆ బరువుకి సిద్ధపడుతుంది. దీనికి బరువే లేదు. ప్లాస్టర్ కుండీ. పల్చగా పోసి, ఎండబెట్టి, పైన రంగు కొట్టింది. హీరో తలమీద పగిలే కల్లుకుండలూ, విలన్ విసిరేసే పూలజాడీలూ ఇలాంటివే. ఎన్ని చేశాను ఈ ఇంట్లోనే! మంచం కింద వరసగా ఆరబెట్టి, పింగాణీలా కనపడడానికి రెండు పూతలు వార్నిష్ వేసి, ఆ వాసనకి తలనొప్పితో పడుకున్న రోజులున్నాయి. ఒక్కో టేకుకి ఒక్కోటి పగులుతుంది కాబట్టి ఎప్పుడూ మూడు చేయిస్తాడు. ఆయన చేయించే ప్రతి పగిలే వస్తువుకీ రంగు వేసింది నేను. ఈ మూడింటికి మాత్రం ఎవరో బయట మనిషి వేశాడు, అంచు దగ్గర వార్నిష్ గడ్డకట్టింది కూడా. అంటే నాకు తెలియకూడదని నిన్ననే అనుకున్నాడన్నమాట. టీ తాగావా అని అడగడం మెట్లెక్కుతూ అనుకున్నది కాదు.

కోపం రాలేదు వెంటనే. పోనీ, నిజం చెప్పే అవకాశం ఇద్దామనుకున్నాను. చెబితే నేను ఏదో ఒకటి చేసేదాన్నే. దేవుడి సాక్షిగా చేసేదాన్ని.

"ఏం షాటండీ అది?"

"ఏముంది, హీరోయిన్ నీళ్ళు పోస్తుంది."

"నీళ్ళు పోయడానికి మొక్క వదులుగా ఉండడమెందుకు?"

"డైరెక్టర్ అలా అడిగాడు. వాళ్ళ పిచ్చి వాళ్ళది, మనకెందుకు?"

"సాయంత్రం వెనక్కి తెస్తారుగా?"

"తెస్తానే బాబూ. అమ్మ మీద ఒట్టు."

మంచం మీద అత్తగారి జపమాల టక్కున ఆగింది. నేను కుండీ అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. అప్పడం విరిగినట్టు విరిగింది. లోపల తెల్లటి ప్లాస్టర్ నా ఒళ్ళో రాలింది. సెబాస్టియన్ దానికేసి చూశాడు, నాకేసి చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరితో కాపురం చేస్తున్నాడో ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చినట్టుంది.

"పగలగొడతారు," అన్నాను.

అంతే, మంచితనమంతా ఒక్కసారిగా ఊడిపోయింది. "అవును, పగలగొడతారు! సినిమాలో మొగుడు కోపంతో గోడకేసి కొడతాడు. ఆవిడ కూర్చుని ఏరుకుంటుంది. వేర్లు చెల్లాచెదురుగా పడాలంట, క్లోజప్‌లో నిజంగా కనపడాలంట. ప్లాస్టిక్ పెడితే కెమెరా పట్టేస్తుందంట. నేనేం చెయ్యను? చెత్తలోంచి తెచ్చిందేగా, చెత్తలోకే పోతుంది! దానికింత రాద్ధాంతమా?"

"కిందటి సంవత్సరం చెత్త. ఈ సంవత్సరం కాదు."

"ఎవరి ఇంట్లో ఉందది? ఎవడు కిరాయి కడుతున్న ఇల్లిది?"

అత్తగారు మంచం మీంచి కాళ్ళు దించారు. "నా బిడ్డ కూటికన్నా ఆ పూలెక్కువా అమ్మాయ్? ఆడదానికింత మొండితనం పనికిరాదు. ఇచ్చెయ్. మళ్ళీ తెచ్చుకుందువుగాని, ఆ కొమురమ్మ లేదూ!"

మళ్ళీ తెచ్చుకోవచ్చు. అందరూ నాకు చెప్పేదదే. నా చేతిలో ఉన్నదేదైనా మళ్ళీ చేసుకోదగ్గదే వాళ్ళకి. వండిన కూర చుట్టాలొస్తే ఇచ్చెయ్, మళ్ళీ వండుకో. నిద్రపోయే వేళ పని చెయ్, మళ్ళీ పడుకో. కుట్టు మిషన్ నీ ఆడపడుచుకిచ్చెయ్, మళ్ళీ కొనుక్కో. ఆ మిషన్ ఇచ్చి పన్నెండేళ్ళయింది. నా పదకొండు నెలలని మూడు టేకులుగా లెక్కేసుకుని, ఆ లెక్క నాకు తెలియకుండా రంగు పూసి మరీ తెచ్చాడు ఈ మనిషి. అప్పుడొచ్చింది కోపం. అయినా ఆయన ఉద్యోగం పోవాలని నాకు లేదు. గుంటూరులో మా అమ్మాయి నర్సింగు చదువుతోంది, ఇంకా రెండేళ్ళుంది. ఈ ఇల్లు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది, ఆ ఉద్యోగంలో సగం నా చేతుల మీద నడుస్తోంది.

తమాషా ఏమిటంటే, అంత కోపంలోనూ నా చేతులకి దారి దొరికిపోయింది. చచ్చిపోయిన ఆర్కిడ్ల ఎండు వేర్లు నేను పారెయ్యను, మెట్లకింద ఒక సంచీనిండా ఉన్నాయి. వాటిని నానబెట్టి, గంజిలో కాస్త ఆకుపచ్చ కలిపి ముంచితే బతికున్న వేర్లలాగే మెత్తగా లావుగా అవుతాయి. కిందింటివాళ్ళ రబ్బరు మొక్క ఆకులు నిలువునా, ఈనె ఒకవైపుకి వచ్చేలా కత్తిరించి, అంచు మడిచి నూనె రాస్తే అచ్చం ఆర్కిడ్ ఆకే. కిందటిసారి గోడౌన్ నుంచి తెచ్చిన గుడ్డ పూలు ఇంట్లోనే ఉన్నాయి, చారలు నేను దిద్దుతాను. నేలమీద పడి చెదిరాక అది ఆర్కిడ్ కాదని దాన్ని పెంచిన నేను తప్ప ఎవరూ చెప్పలేరు. పగిలే ముందు ఆవిడ చేతిలో పట్టుకునే షాటుకి మాత్రం ఒక నిజం మొక్క కావాలి. దాన్ని నేనే తీసుకెళ్ళి, పక్కన నిలబడి, నేనే వెనక్కి తెచ్చుకోవచ్చు.

అదంతా ఆయనకి చెప్పాను. వింటుంటే ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "నువ్వు మామూలుదానివి కాదే!" అన్నాడు.

"ఒక్క షరతు," అన్నాను. "ఇప్పుడే నా ముందు వీరభద్రం గారికి ఫోను చెయ్యండి. మొక్కలు బతికించింది మా ఆవిడ, డమ్మీలు చేసేది కూడా ఆవిడే, తనే తీసుకొస్తోంది అని చెప్పండి. అది చాలు నాకు."

ఆ షరతు ఎందుకు పెట్టానో ఆయనకి తెలుసు. నాలుగేళ్ళ కిందట ఒక సినిమాకి వంటగది మొత్తం నేనే సర్దాను, డబ్బాల మీద చేత్తో రాసిన చీటీలతో సహా. వీరభద్రం గారు వచ్చి చుట్టూ చూసి, "ఇల్లు ఇల్లులా ఉందయ్యా సెబాస్టియన్! ఆడవాళ్ళక్కూడా రాదు ఈ పనితనం" అన్నారు. సెబాస్టియన్ చేతులు జోడించి, "అంతా మీ దయ సార్" అన్నాడు. నేను మూడడుగుల దూరంలో నేలమీద కూర్చుని కర్టెనుకి ఇస్త్రీ చేస్తున్నాను. ప్రొడక్షన్ మనిషి ఒకడు నాకేసి చూసి, "ఈ ఆయా ఖాళీగా ఉంటే కప్పులు కడగమనండి" అన్నాడు. సెబాస్టియన్ ఆవిడ మా ఆవిడ అనలేదు. "వెళ్ళు" అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. వెళ్ళాను. ఇరవై రెండు కప్పులు కడిగాను. ఇంటికొచ్చాక అడిగితే, "అక్కడ పెద్దవాళ్ళ ముందు గొడవెందుకని" అన్నాడు.

"అదేనా? చెప్తాలే, అదెంత సేపు!" అన్నాడు సెబాస్టియన్. ఫోను తీసి, నేను వినడానికని స్పీకరు కూడా పెట్టాడు. అత్తగారు కూడా మెడ ఇటు తిప్పారు.

"ఏమయ్యా, మొక్కలు బయల్దేరాయా?" వీరభద్రం గారి గొంతు గదంతా నిండింది.

"సార్, ఒక మాట సార్. నిజం మొక్కలు పగలగొడితే రెండో టేకుకి ఇబ్బంది సార్. ఇంకో పద్ధతుంది. ఎండు వేర్లు నానబెట్టి గంజిలో ముంచి, రబ్బరాకులు కత్తిరించి..." నేను చెప్పిన మాటలే, నేను చెప్పిన వరసలోనే చెప్పుకుపోయాడు. నూనె రాయడం కూడా మర్చిపోలేదు.

"అబ్బ! ఎవరయ్యా చేసేది?"

ఇక్కడే ఒక్క క్షణం ఆగాడు. ఆగడం నేను చూశాను. ఆ క్షణంలో ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. అంత ఆశ పెట్టుకున్నానని నాకే తెలియదు.

"నేనే సార్," అన్నాడు. "నేనే చేసి తెస్తాను."

"నువ్వు లేకపోతే నా డిపార్ట్‌మెంటే లేదయ్యా. డైరెక్టర్‌కి చెప్తున్నాను, సెబాస్టియన్ స్వయంగా చేస్తున్నాడని. మూడింటికల్లా నా ముందుండాలి."

ఫోను పెట్టేసి నాకేసి చూసి నవ్వాడు. అందులో కాస్త సిగ్గు ఉంది, కాదనను. "నోట్లోంచి అలా వచ్చేసింది ఫిలో. అయినా ఇంట్లో ఎవరు చేస్తే ఏంటి చెప్పు, నువ్వూ నేనూ వేరా? మొక్కలు దక్కాయి కదా నీకు. టైమైపోతోంది, మొదలుపెట్టు."

"మొక్కలు దక్కాయిగా అమ్మాయ్, ఇంకేం?" అన్నారు అత్తగారు కూడా.

నేను లేచాను. మెట్లకింది సంచీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. గంజి గిన్నె తెచ్చాను, గుడ్డ పూలూ రంగు సీసా తెచ్చాను. కిందికెళ్ళి రబ్బరాకులు కోసుకొచ్చి తడి గుడ్డలో పెట్టాను. ఆయన హుషారుగా ఈలవేస్తూ, విరిగిన అంచు వెనక్కి తిప్పి కుండీలు సర్దాడు. నా కత్తెర తీసి, పిడి ఆయన వైపు తిప్పి, చేతికిచ్చాను.

"ఏంటిది?"

"మీరే చేస్తానన్నారుగా. చెయ్యండి."

ఈల ఆగింది. "వేళాకోళమా?"

"కాదు."

"పన్నెండు దాటింది ఫిలో. రెండింటికి వ్యాను. నా ఉద్యోగం పోతుంది."

"ఫోను మీ జేబులోనే ఉంది," అన్నాను. "ఒక్క మాట మార్చి చెప్పండి. గంటన్నరలో మూడూ చేసిస్తాను."

కుర్చీ తీసుకెళ్ళి బాల్కనీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. నా వెనక మూడు మొక్కలున్నాయి. నన్ను లేపకుండా వాటిని తాకడం ఎవరి తరమూ కాదు. అత్తగారు ఏదో అనబోయి, నా మొహం చూసి, జపమాల చేతిలోకి తీసుకున్నారు. సెబాస్టియన్ తిట్టాడు. తర్వాత బతిమాలాడు. అమ్మాయి చదువు గుర్తుచేశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

రెండుసార్లు జేబులోంచి ఫోను తీశాడు. రెండుసార్లూ లోపల పెట్టేశాడు. చివరికి నేలమీద చతికిలబడి, కత్తెర అందుకుని, రబ్బరాకు ఒకటి ఎడమచేత్తో పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. ఎలా కొయ్యాలో ఆయనకి తెలియదు.

అడ్డంగా కోశాడు. తప్పని నేను చెప్పలేదు.